లింకుల ద్వారా సెషన్ ఐడీలు బయటపడకుండా చూడటం

సెషన్ ఐడీ అంటే, వెబ్‌సైటులోకి లాగిన్ అయిన మనిషిని సర్వర్ మళ్లీ మళ్లీ గుర్తుపట్టడానికి ఇచ్చే పొడవాటి అక్షరాల వరుస. లాగిన్ అయిన క్షణం నుంచి లాగౌట్ అయ్యేదాకా, లేదా గడువు తీరేదాకా, పాస్‌వర్డుకూ ఓటీపీకీ ఉన్న బలమంతా ఈ ఒక్క వరుసకే ఉంటుంది. ప్రభుత్వాసుపత్రిలో పొద్దున రాయించుకున్న ఓపీ చీటీ చేతిలో ఉంటే ఆ పూట ఏ గదికి వెళ్లినా మళ్లీ పేరూ ఊరూ అడగరు. చీటీ ఎవరి చేతిలో ఉంటే వాళ్లే రోగి. సెషన్ ఐడీ పనిచేసేదీ అలాగే. దాన్ని పేజీ చిరునామాలో, అంటే లింకులో, భాగం చేసిన వెబ్ అప్లికేషన్లలో లింకు ఎక్కడికి చేరితే ఖాతాలోకి దారీ అక్కడికే చేరుతుంది.

ఈ లోపం భద్రతా నిపుణులకు పాతికేళ్లుగా తెలుసు. పరిష్కారమూ పెద్ద కష్టమైంది కాదు. అయినా పాత కోడులోనూ, మొబైల్ యాప్ లోపలి పేజీల్లోనూ, పాస్‌వర్డు మార్చుకోమంటూ వచ్చే మెసేజీల్లోనూ ఇది రూపం మార్చుకుని కనిపిస్తూనే ఉంది. ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోను, ఊరందరికీ ఒకటో రెండో కంప్యూటర్లు ఉండే చోట దీని నష్టం మరింత ఎక్కువ. కర్నూలు జిల్లా పడమటి భాగంలో, ఎమ్మిగనూరు నియోజకవర్గంలోని మండల కేంద్రమైన గోనెగండ్లను దృష్టిలో పెట్టుకుని ఈ విషయాన్ని పరిశీలిస్తే ఆ సంగతి బాగా అర్థమవుతుంది.

చరిత్ర

వెబ్ నడిచే హెచ్‌టీటీపీ పద్ధతికి జ్ఞాపకం లేదు. బ్రౌజర్ పంపే ప్రతి అభ్యర్థన సర్వర్‌కు కొత్తదే; ఒక్క క్షణం ముందు లాగిన్ అయింది ఈయనేనా అన్నది దానికి తెలియదు. ఈ కొరత తీర్చడానికి నెట్‌స్కేప్ కంపెనీలో పనిచేస్తున్న లూ మాంటుల్లీ 1994లో కుకీని రూపొందించాడు. సర్వర్ ఇచ్చిన చిన్న గుర్తును బ్రౌజర్ దాచుకుని, ఆ సైటుకు వెళ్లిన ప్రతిసారీ తిరిగి చూపిస్తుంది. చిరునామా పట్టీలో అది కనబడదు, లింకు కాపీ చేస్తే వెంట రాదు.

1996 నాటికి కుకీలంటే జనంలో అనుమానం మొదలైంది. వాటి ద్వారా తమను వెంటాడుతున్నారన్న పత్రికా కథనాలు చదివి కొందరు బ్రౌజర్లో కుకీలను ఆపేశారు. తొలినాటి మొబైల్ బ్రౌజర్లలో చాలావాటికి కుకీలు తెలియనే తెలియవు. అలాంటి వాళ్లనూ పోగొట్టుకోకూడదని అప్లికేషన్ల తయారీదారులు మరో దారి పట్టారు: పేజీలోని ప్రతి లింకు చివరా సెషన్ ఐడీని తగిలించడం. జావా సర్వ్‌లెట్లలో అది సెమికోలన్ తర్వాత జెసెషన్‌ఐడీ అన్న పేరుతో వచ్చేది. 2000 మే నెలలో వచ్చిన పీహెచ్‌పీ 4లో సెషన్ల సదుపాయం భాషలోనే కలిసింది. ట్రాన్స్ సిడ్ అనే అమరిక ఆన్ చేస్తే లింకులన్నిటికీ ఐడీ దానంతటదే అతుక్కునేది. మైక్రోసాఫ్ట్ ఏఎస్‌పీ డాట్ నెట్ దాన్ని బ్రాకెట్లలో పెట్టి చిరునామా నడుమ ఇరికించింది. ఉద్దేశం మంచిదే. అయితే పదిమందికీ పంచుకోవడానికి పుట్టిన చిరునామాలో ఒక్కరే దాచుకోవలసిన రహస్యాన్ని పెట్టడం మొదటి నుంచీ పొరపాటే. హెచ్‌టీటీపీ ప్రమాణాన్ని 2022 జూన్‌లో తిరగరాసిన ఆర్‌ఎఫ్‌సీ 9110 కూడా చిరునామాలున్నది పంచుకోవడానికేననీ, వాటిలో రహస్యాలు పెట్టరాదనీ హెచ్చరించింది.

బయటపడే దారులు

అన్నిటికన్నా మామూలు దారి మనుషులే. గోనెగండ్ల చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు సుగ్గికి, అంటే పనుల వలసకు, పోతాయి. గుంటూరు వైపు మిరప కోతలకో, తెలంగాణలో పత్తి తీతకో వెళ్లినవాళ్లకు ఊళ్లో పింఛను, రేషను, పంట నమోదు, పిల్లల స్కాలర్‌షిప్పు సంగతులు తెలిసేది ఫోనులోనే. ఊళ్లో ఉన్న చదువుకున్న పిల్లవాడు లాగిన్ అయి, తెరపై కనిపించిన పేజీ లింకును కాపీ చేసి వాట్సాప్‌లో పంపుతాడు. తాను పంపింది పేజీ చిరునామా అనే అతని నమ్మకం. అందులో సెషన్ ఐడీ ఉంటే అతను పంపింది లాగిన్ అయిన ఖాతానే. ఆ మెసేజీ కుటుంబం గ్రూపు నుంచి ఊరి గ్రూపుకు పోవడానికి ఒక్క ఫార్వర్డు చాలు. ఇందులో ఆ పిల్లవాడి తప్పు వెతకడం అన్యాయం. లింకు పంపడం వెబ్ నేర్పిన సహజమైన పని.

రెండో దారి ఉమ్మడి కంప్యూటరు. మీసేవ కేంద్రంలో, నెట్ సెంటర్లో, జిరాక్స్ షాపులో ఒకే యంత్రం మీద రోజుకు ఎందరివో పనులు జరుగుతాయి. బ్రౌజర్ హిస్టరీలో చిరునామా మొత్తం నిలిచిపోతుంది; సైటు పేరులో రెండు అక్షరాలు కొట్టగానే పాత లింకులు వాటంతటవే కనిపిస్తాయి. పేజీ ప్రింటు తీసినప్పుడు చాలా బ్రౌజర్లు మామూలు అమరికలో కాగితం అంచున చిరునామాను కూడా అచ్చు వేస్తాయి. అడంగల్, 1-బి, ఆదాయ ధ్రువపత్రం వంటి కాగితాలు చేతులు మారే చోట ఆ చిన్న వరుసలో సెషన్ ఐడీ ఉంటే ఎవరూ గమనించరు. గడువు లేని సెషన్ అయితే కాగితం చూసినవాళ్లు దాన్ని టైపు చేసుకోవచ్చు.

మూడోది కంటికి కనిపించని దారి. ఒక పేజీ నుంచి మరో సైటుకు వెళ్లినప్పుడు బ్రౌజర్ తాను ఏ చిరునామా నుంచి వస్తున్నదీ రెఫరర్ అనే హెడర్‌లో చెబుతుంది. నొక్కాల్సిన పని కూడా లేదు. పేజీలో బయటి కంపెనీ బొమ్మ, ప్రకటన, సందర్శకుల లెక్క తీసే స్క్రిప్టు ఉంటే చాలు, పేజీ తెరుచుకోగానే ఆ కంపెనీల సర్వర్లకు మొత్తం చిరునామా చేరేది. క్రోమ్ 2020 ఆగస్టులో 85వ వెర్షన్‌తో, ఫైర్‌ఫాక్స్ 2021 మార్చిలో 87వ వెర్షన్‌తో ఈ అలవాటు మార్చుకున్నాయి. ఇప్పుడవి వేరే సైటుకు సైటు పేరు మాత్రమే చెబుతాయి. అయితే పేజీ లోపల నడిచే బయటివాళ్ల స్క్రిప్టుకు చిరునామా పట్టీని చదివే వీలు ఇప్పటికీ ఉంది.

ఇవి కాక, వచ్చిన ప్రతి అభ్యర్థననూ నమోదు చేసే సర్వర్ లాగులు, నడుమ ఉండే ప్రాక్సీలు, సెర్చ్ ఇంజన్లు కూడా చిరునామా బయటపడే దారులే. హెచ్‌టీటీపీఎస్ ఉంది కదా, భయమెందుకు అన్న మాట తరచూ వినిపిస్తుంది. అది దారిలో దొంగిలించేవాళ్లను ఆపుతుంది. బ్రౌజర్లో మిగిలే హిస్టరీనీ, సర్వర్ దగ్గర నమోదయ్యే లాగునూ, మనిషి స్వయంగా పంపే మెసేజీనీ ఆపలేదు.

తెలిసిన ఘటనలు

తెలుగు నేలకు దగ్గరగా జరిగిన ఘటన 2017 నాటిది. ఆ ఏడాది మే 1న బెంగళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ తరఫున అంబర్ సిన్హా, శ్రీనివాస్ కొడాలి ఒక నివేదిక వెలువరించారు. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు బహిరంగంగా దొరుకుతున్న తీరును అందులో నమోదు చేశారు. వాటిలో రెండు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానివి: చంద్రన్న బీమా, ఉపాధి హామీ రోజువారీ చెల్లింపుల నివేదికలు. మిగిలిన రెండూ కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖవి. వృద్ధాప్య, వితంతు పింఛన్ల జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం పోర్టల్ గురించి వారు రాసిన సంగతి ఈ వ్యాసానికి నేరుగా సంబంధించింది. వివరాలను మరుగుపరిచి చూపే పేజీ లింకులో లాగిన్ కాలేదని చెప్పే మాటను లాగిన్ అయినట్టుగా మారిస్తే, పాస్‌వర్డు అడగకుండానే పూర్తి వివరాలు వచ్చేవి. నాలుగు పోర్టళ్లూ కలిపి 13 నుంచి 13.5 కోట్ల ఆధార్ నంబర్లు బయటపడి ఉండవచ్చని నివేదిక అంచనా వేసింది. అదే నెలలో ఆ సంస్థ, ఇది దొంగతనంగా లీకైన సమాచారం కాదనీ, పోర్టళ్లే బహిరంగంగా ఉంచిన సమాచారమనీ వివరణ ఇచ్చింది.

అక్కడ జారింది సెషన్ ఐడీ కాదు. మూలం మాత్రం ఒకటే: ఎవరు చూడవచ్చో తేల్చే బాధ్యతను లింకుకు అప్పగించడం. ఉపాధి కూలీలూ పింఛనుదారులూ ఎక్కువగా ఉన్న పశ్చిమ కర్నూలు వంటి ప్రాంతాల జనమే ఇలాంటి పోర్టళ్లలో పేర్లు ఉన్నవాళ్లు. వాళ్లలో చాలామంది ఆ సైట్లను ఒక్కసారి కూడా తెరిచి చూసి ఉండరు.

2011లో అమెరికాలోని సిటీ బ్యాంకులో ఇలాంటిదే జరిగింది. తమ ఖాతాలోకి లాగిన్ అయిన దుండగులు చిరునామాలోని ఖాతా సంఖ్యను మార్చుకుంటూ పోయి సుమారు 3.6 లక్షల క్రెడిట్ కార్డు ఖాతాల వివరాలు తీశారు. అదే ఏడాది మే నెలలో భద్రతా సంస్థ సిమాంటెక్‌కు చెందిన నిశాంత్ దోషి, కాండిడ్ వ్యూస్ట్ ఫేస్‌బుక్ యాప్‌ల సంగతి బయటపెట్టారు. పాత పద్ధతిలో రాసిన యాప్‌లు ఖాతాలోకి ప్రవేశమిచ్చే వినియోగదారు టోకెన్‌ను చిరునామాలో అందుకునేవి. అది రెఫరర్ ద్వారా ప్రకటనల కంపెనీలకు చేరిపోయేది. దాదాపు లక్ష యాప్‌లు ఇలా ఉన్నాయని వారి అంచనా. 2012 నవంబరులో ఫేస్‌బుక్ ఈమెయిళ్లలో పంపిన లింకులు గూగుల్ శోధనలో పెద్ద సంఖ్యలో కనిపించాయి; కొన్ని నొక్కితే పాస్‌వర్డు లేకుండానే ఖాతా తెరుచుకునేది. 2014 మేలో డ్రాప్‌బాక్స్ పత్రాల లింకులు రెఫరర్ ద్వారా జారుతున్నాయని తేలి కంపెనీ కొన్నిటిని ఆపేసింది. 2015 జనవరిలో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా సైటు తన చిరునామాల్లోని వయసు, ఆదాయం, గర్భంతో ఉన్నారా లేదా అన్న వివరాలను ప్రకటనల కంపెనీలకు చేరవేస్తోందని వెల్లడైంది. 2022లో మరో కోణం తెలిసింది: అనుమానాస్పద లింకులను పరీక్షించే యూఆర్‌ఎల్‌స్కాన్ సేవకు కంపెనీల భద్రతా పరికరాలు ఈమెయిళ్లలోని లింకులను వాటంతటవే పంపుతుంటే, పాస్‌వర్డు మార్పు లింకులు సైతం అందరూ వెతుక్కోగల జాబితాలో చేరాయి. రక్షణ కోసం పెట్టిన పరికరమే లింకును బజారున పెట్టిందన్నమాట.

ఎదురు దిశలో వచ్చే దాడి

లింకులో సెషన్ ఐడీని ఒప్పుకునే సైటుకు మరో ప్రమాదం ఉంది. స్లొవేనియాకు చెందిన యాక్రోస్ సంస్థలో మిట్యా కోల్షెక్ 2002 డిసెంబరులో దీన్ని సవివరంగా రాశాడు. పేరు సెషన్ ఫిక్సేషన్. ఇక్కడ మోసగాడు ఐడీని దొంగిలించడు, ముందే తనకు తెలిసిన ఐడీతో లింకు తయారుచేసి పంపుతాడు. అవతలి మనిషి దాన్ని నొక్కి, అసలైన సైటులోనే, తన అసలైన పాస్‌వర్డుతో లాగిన్ అవుతాడు. సర్వర్ ఆ పాత ఐడీనే కొనసాగిస్తే మోసగాడికీ అదే ఖాతా తెరుచుకుంటుంది. నకిలీ సైటు కాదు కాబట్టి చిరునామా సరిచూసుకున్నా ఉపయోగం లేదు. లాగిన్ అయిన వెంటనే పాత ఐడీని రద్దు చేసి కొత్తది ఇవ్వడమే దీనికి విరుగుడు.

నివారణ

మొదటి పని, సెషన్ ఐడీని కుకీలో తప్ప మరెక్కడా పంపకపోవడం, మరెక్కడ నుంచి వచ్చినా స్వీకరించకపోవడం. ఈ రెండో సగాన్ని చాలామంది మరిచిపోతారు. సైటు తాను లింకుల్లో ఐడీ పెట్టకపోయినా, ఎవరో పెట్టి పంపితే ఒప్పుకుంటోందంటే ఫిక్సేషన్‌కు తలుపు తెరిచి ఉన్నట్టే. పీహెచ్‌పీలో కుకీలనే వాడాలన్న అమరిక 2009లో వచ్చిన 5.3 నుంచి మామూలుగానే ఆన్‌లో ఉంటుంది. 2024 నవంబరులో వచ్చిన 8.4 వెర్షన్ దాన్ని ఆపడాన్నీ, ట్రాన్స్ సిడ్‌ను వాడటాన్నీ కాలం చెల్లిన పద్ధతులుగా ప్రకటించి హెచ్చరిక చూపిస్తుంది. జావాలో 2009 డిసెంబరు నాటి సర్వ్‌లెట్ 3.0 నుంచి ట్రాకింగ్ మోడ్‌ను కుకీకి పరిమితం చేయవచ్చు. ఏఎస్‌పీ డాట్ నెట్ కోర్‌లో కుకీలు లేని సెషన్లకు చోటే లేదు. పాత అప్లికేషన్లను కొత్త సర్వర్‌కు మార్చేటప్పుడు, ఏదో పేజీ పనిచేయడం లేదని ఈ అమరికలను పాత స్థితికి తిప్పేయడం ప్రమాదకరమైన అలవాటు. ఆ పేజీని సరిచేయాలి, అమరికను ముట్టుకోకూడదు.

కుకీకి మూడు లక్షణాలు ఉండాలి. సెక్యూర్ అంటే హెచ్‌టీటీపీఎస్ మీద మాత్రమే వెళ్లడం. హెచ్‌టీటీపీ ఓన్లీ అంటే పేజీలోని స్క్రిప్టుకు చిక్కకపోవడం. దీన్ని మైక్రోసాఫ్ట్ 2002లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 సర్వీస్ ప్యాక్ 1తో ప్రవేశపెట్టింది. సేమ్‌సైట్ అంటే వేరే సైటు నుంచి వచ్చే అభ్యర్థనలతో కుకీ వెళ్లకుండా అదుపు చేయడం. 2020 ఫిబ్రవరిలో క్రోమ్ 80 నుంచి లాక్స్ అనే స్థాయి మామూలు అమరికయింది. ఐడీ ఊహకు అందనంత పొడవుగా, నిజమైన యాదృచ్ఛిక సంఖ్యల నుంచి పుట్టాలి. వెబ్ భద్రతా సంస్థ ఓవాస్ప్ కనీసం 64 బిట్ల ఎంట్రోపీ, అంటే ఊహకు అందనితనం, ఉండాలంటుంది. ఉమ్మడి కంప్యూటర్లలో వాడే పౌరసేవల సైట్లకు తక్కువ వ్యవధి గడువు, స్పష్టంగా కనిపించే లాగౌట్ బటన్, లాగౌట్ నొక్కగానే సర్వర్ దగ్గర కూడా సెషన్ రద్దు కావడం తప్పనిసరి. బ్రౌజర్లో కుకీని తుడిచి సర్వర్ దగ్గర సెషన్‌ను బతికించి ఉంచే సైట్లు ఉన్నాయి. అది లాగౌట్ అనిపించుకోదు.

రెఫరర్ పాలసీ అనే హెడర్‌ను కఠినంగా పెట్టాలి. లాగిన్ తర్వాతి పేజీలకు నో రెఫరర్ లేదా సేమ్ ఆరిజిన్ సరిపోతుంది. బ్రౌజర్లు ఇప్పుడు జాగ్రత్తగా ఉన్నాయి కదా అని వదిలేస్తే, పాత ఫోన్లలోని పాత బ్రౌజర్లు బయట మిగిలిపోతాయి. పల్లెల్లో అలాంటి ఫోన్లే ఇంట్లో ఒకరి నుంచి మరొకరికి వస్తుంటాయి. ఇక లాగిన్, చెల్లింపు, పాస్‌వర్డు మార్పు పేజీల్లో ప్రకటనలకూ సందర్శకుల లెక్కలకూ సంబంధించిన బయటి స్క్రిప్టులు ఉండనే కూడదు. ప్రభుత్వ సైట్లలో వాటి అవసరం ఏమిటో సమర్థించడం కష్టం.

దరఖాస్తు సంఖ్య, పట్టాదారు పాసుపుస్తకం సంఖ్య వంటివి లింకులో ఉండవచ్చు. అవి చిరునామాలు, రహస్యాలు కావు. ఆ సంఖ్య గల పత్రాన్ని చూసే హక్కు ఇప్పుడు లాగిన్ అయిన మనిషికి ఉందా అని సర్వర్ ప్రతిసారీ తనంతట తాను సరిచూడాలి. సిటీ బ్యాంకులో కొరవడింది ఇదే.

రహస్యం మోయక తప్పని లింకులు

కొన్ని లింకులకు రహస్యం లేకపోతే పని జరగదు. పాస్‌వర్డు మార్పు, ఈమెయిల్ ధ్రువీకరణ, ఒక్క నొక్కుతో లాగిన్ అలాంటివి. వీటిలో పెట్టే టోకెన్ సెషన్ ఐడీకి బదులు కాకూడదు. ఒక్క పనికి, ఒక్కసారి, కొద్ది నిమిషాలు మాత్రమే చెల్లాలి. డేటాబేసులో దాని హ్యాష్, అంటే వెనక్కి తిప్పలేని రూపం, మాత్రమే దాచాలి. లింకు తెరవగానే సర్వర్ టోకెన్‌ను పరిశీలించి, కుకీలో తాత్కాలిక గుర్తు ఇచ్చి, టోకెన్ లేని శుభ్రమైన చిరునామాకు మళ్లించాలి. అప్పుడు చిరునామా పట్టీలోనూ, తర్వాతి పేజీల రెఫరర్‌లోనూ అది మిగలదు. మెయిల్ స్కానర్లు, మెసేజీ యాప్‌ల ప్రివ్యూలు లింకును మనిషికంటే ముందే తెరుస్తాయి కాబట్టి, తెరవడంతోనే టోకెన్ ఖర్చయ్యేలా రాయకూడదు. మనిషి బటన్ నొక్కాకే అసలు పని జరగాలి. ఎస్సెమ్మెస్‌లో ఇమడాలని చిట్టి లింకులుగా మార్చడం ఇంకో ముప్పు. ఆరు అక్షరాల చిట్టి లింకులను యంత్రంతో వరుసగా ప్రయత్నించి వేరేవాళ్ల పత్రాలు చేరుకోవచ్చని 2016లో మార్టిన్ గియోర్గియెవ్, విటాలీ ష్మాటికోవ్ చూపించారు.

ఒక సైటు ఖాతాతో మరో సైటులోకి వెళ్లే ఓఆథ్ పద్ధతి కూడా ఇదే దారిలో నడిచింది. 2012 నాటి ప్రమాణంలోని ఇంప్లిసిట్ విధానం టోకెన్‌ను చిరునామాలోనే తిరిగి పంపేది. 2025 జనవరిలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 9700 ఆ విధానాన్ని వాడవద్దని చెప్పి, యాక్సెస్ టోకెన్‌ను చిరునామా ప్రశ్న భాగంలో పంపడాన్ని నిషేధించింది.

పరీక్ష, చట్టం

సొంత అప్లికేషన్‌ను పరీక్షించడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. లాగిన్ అయి, లోపలి పేజీ లింకును కాపీ చేసి, మరో ఫోనులో తెరవాలి. లాగిన్ పేజీ వస్తే సరే. మీ పేరుతో పేజీ తెరుచుకుంటే లోపం ఉన్నట్టే. కుకీలు ఆపేసి అదే సైటును మళ్లీ చూడాలి, లింకుల వెంట కొత్త వరుస ఏదైనా వచ్చి చేరుతోందేమో గమనించాలి. లాగిన్‌కు ముందూ తర్వాతా కుకీ విలువ మారిందో లేదో సరిపోల్చాలి. సర్వర్ లాగుల్లో సెషన్, టోకెన్ వంటి పేర్ల కోసం వెతకాలి. ఆదోని, ఎమ్మిగనూరు, కర్నూలు కాలేజీల్లో ప్రాజెక్టులు చేసే విద్యార్థులు ఈ పని ఒక పూటలో చేయగలరు. అయితే ఇతరుల సైటు మీద అనుమతి లేకుండా చేయరాదు. సమాచార సాంకేతిక చట్టం 2000లోని 43, 66 సెక్షన్లు అనుమతి లేని ప్రవేశానికి వర్తిస్తాయి. వేరొకరి పాస్‌వర్డు వంటి గుర్తింపును మోసపూరితంగా వాడితే 66సి కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా.

సంస్థల బాధ్యత కూడా పెరిగింది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లోగా తెలియజేయాలి, లాగులను 180 రోజులు దాచాలి. దాచే లాగుల్లో సెషన్ ఐడీలు ఉంటే ఆరు నెలల పాటు రహస్యాలు పోగవుతాయి కాబట్టి, రాసేటప్పుడే వాటిని చెరిపివేయడం మరింత ముఖ్యమైంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, తగిన భద్రత పాటించని సంస్థలకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానాకు వీలిచ్చింది.

వాడుకరులు పాటించగలిగినవి కొన్నే. లాగిన్ అయిన పేజీ లింకు బదులు పత్రం పీడీఎఫ్ పంపాలి, లేదా స్క్రీన్‌షాట్ తీసి పంపాలి. నెట్ సెంటర్ నుంచి లేచే ముందు లాగౌట్ చేయాలి. తెలిసినవాళ్లు పంపిన లింకైనా అందులోంచి లాగిన్ కాకుండా, సైటు పేరు స్వయంగా టైపు చేసి వెళ్లాలి. అనుకోకుండా వేరొకరి ఖాతా తెరుచుకుంటే మూసేసి, ఆ లింకును ఇంకెవరికీ పంపకుండా సైటు వాళ్లకో సెర్ట్ ఇన్‌కో తెలపాలి. ఖాతా నుంచి డబ్బు పోయినట్టు తెలిస్తే వెంటనే జాతీయ సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి ఫోన్ చేయాలి.